దిగదుడుపు గౌను

శౌరమ్మ కారు దిగనంది.

"ఇది రావమ్మగారి గొడ్లసావిడి కదే," అంది కిటికీలోంచి చూస్తూ. "పుట్టినరోజు హోటల్లో అన్నావు. ఈళ్ళింట్లో అని చెప్పలేదే నాకు."

హెలెన్ అవతలి వైపు నుంచి దిగి వచ్చి తల్లి వైపు తలుపు తీసి పట్టుకుంది. "ఇల్లు కాదమ్మా, హోటలే. డబ్బులిచ్చి తింటాం. దిగు."

ఒంటిగంట దాటింది. ఏప్రిల్ ఎండకి కాలవగట్టు మీది తారు మెత్తబడి చెప్పులకి అంటుకుంటోంది. ఆదివారం కావటంతో కంకిపాడు వైపు నుంచి కార్లు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. తలపాగాలు చుట్టిన ఇద్దరు మనుషులు ఈలలు వేస్తూ వాటిని చేలోకి మళ్ళిస్తున్నారు. ఒకప్పుడు ఏటా మినుము చల్లిన చెక్క అది. ఇప్పుడు దానికి కంకర పోసి పార్కింగు చేశారు. గేటు మీద తాటాకుల మధ్య 'చేనుగట్టు - పల్లె భోజనం' అని బోర్డు.

శౌరమ్మ కూతురి ముఖం వైపు చూసింది. ఆ ముఖం ఆమెకి తెలుసు. చిన్నప్పుడు దెబ్బలు తిని కూడా ఏడవకుండా గోడకేసి చూస్తూ నిలబడే ముఖం అది. ఏడేళ్ళు నిండిన మనవరాలు ఎస్తేరు వచ్చి చెయ్యి పట్టుకుని లాగితే గానీ దిగలేదు. దిగేటప్పుడు చెప్పులు కారులోనే వదిలేసింది. రావమ్మగారింట్లో పనిచేసిన ఇన్నేళ్ళలో ఈ గేటుని ఆమె ఎప్పుడూ చెప్పులతో దాటలేదు. అల్లుడు జాన్సన్ అది గమనించి, కాళ్ళు కాలతాయి అత్తయ్యా అంటూ చెప్పులు తీసి ఆమె ముందు పెట్టాడు. అల్లుడి చేత చెప్పులు పట్టించినందుకు సిగ్గుపడి గబగబా తొడుక్కుంది.

లోపల జాగా ఖాళీ అయ్యేదాకా కొబ్బరాకుల పందిరి కింద కూర్చోమన్నారు. జాన్సన్ ఆర్టీసీలో కండక్టరు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా చర్చికి వచ్చాడు, చర్చి నుంచి తమ్ముడి కారు తీసుకుని ఇటు వచ్చాడు. మంచినీళ్ళ సీసా కోసం హెలెన్ సంచీలో అతను చెయ్యి పెడితే, ఇస్త్రీ మడత నలగని వంకాయరంగు గౌను ఒకటి చేతికి తగిలింది. ఎస్తేరు పోయినేడు పుట్టినరోజుకి వేసుకున్న గౌను. కేకు మీద పడితే మార్చటానికా అని అడగబోయాడు. అంతలో పెళ్ళయిన కొత్తల్లో హెలెన్ ఒకసారి చెప్పిన సంగతి గుర్తొచ్చి ఆగిపోయాడు.

"మనం బాప్తిస్మం తీసుకున్నవాళ్ళం హెలెన్," అన్నాడు గొంతు తగ్గించి. "ఇప్పుడే ప్రార్థన నించి వస్తన్నాం. దిష్టి తియ్యటం ఏంటి?"

"తియ్యటానికి కాదండీ. ఇవ్వటానికి."

జాన్సన్ సంచీ జిప్పు మూసేశాడు. వాదించే ఓపిక లేకనో, ఆమెది తప్పని అనలేకనో.

రావమ్మగారి కూతురు ఉషశ్రీదీ హెలెన్‌దీ ఒకే ఈడు. ఏటా ఉషశ్రీ పుట్టినరోజుకి కొత్త గౌను వచ్చేది. కొత్తది తొడిగే ముందు, పోయినేటి పుట్టినరోజు గౌనుని పిల్ల తల చుట్టూ మూడుసార్లు తిప్పేవారు. పిల్ల మీద ఉన్న దిష్టీ, రాబోయే జబ్బూ, గండం అన్నీ ఆ గుడ్డలోకి దిగిపోయినట్టు. దిగదుడిచిన గుడ్డని ఇంట్లో ఉంచకూడదు కాబట్టి పనివాళ్ళకి ఇచ్చేసేవారు. పెరటి గుమ్మంలో నిలబడి రావమ్మగారు పైనుంచి వదిలితే, మెట్టు కింద శౌరమ్మ రెండు చేతులూ దోసిలి పట్టేది. హెలెన్ బక్కపల్చగా ఉండేది కాబట్టి ఏడాది కిందటి గౌను ఆమెకి ఎప్పుడూ సరిపోయేది. బడికీ అదే, చర్చికీ అదే, క్రిస్మస్‌కీ అదే. రావమ్మగారికి తనంటే ఇష్టం కాబట్టి ఇస్తున్నారని హెలెన్ అనుకునేది. అనుకోవటమే కాదు, పల్లెలో మిగతా ఆడపిల్లల ముందు ఆ గౌను అంచు పట్టుకుని గిరగిరా తిరిగేది.

ఐదో తరగతిలో టైఫాయిడ్ వచ్చింది. పోతుందనే అనుకున్నారు. లేచి తిరగ్గలిగాక, జుట్టంతా రాలిపోయిన తలకి తువ్వాలు చుట్టుకుని తల్లి వెంట పనికి వచ్చి ఇదే గొడ్లసావిడి వెనక నీడన కూర్చుంది. లోపల శౌరమ్మ పేడ ఎత్తుతోంది. గోడ అవతల రావమ్మగారు పక్కింటావిడతో మాట్లాడుతున్నారు.

"మా పిల్లకి రావాల్సిందే. గౌనుతో పాటు దాని మీదికి పోయింది. దేవుడు చల్లగా చూశాడు."

ఆ గొంతులో ద్వేషం లేదు. హెలెన్ ఈనాటికీ మరిచిపోలేనిది అదే. ద్వేషం ఉంటే తనూ తిరిగి ద్వేషించి ఊరుకునేది. అందులో ఉన్నది తృప్తి. బియ్యంలో రాళ్ళు ఏరి పెరట్లోకి విసిరేశాక కలిగేటటువంటి తృప్తి. ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్ళాక గౌను విప్పి, లోపలి వైపు తిరగేసి చాలాసేపు చూసింది. ఏమీ కనబడలేదు. మర్నాడు మళ్ళీ అదే వేసుకుని బడికి వెళ్ళింది, ఇంకొకటి లేదు కాబట్టి.

ఇప్పుడామె బెజవాడలో ఒక కోచింగ్ కాలేజీలో కౌన్సిలరు. నెలకి ఇరవై ఎనిమిది వేలు. ర్యాంకులు రాక గదుల్లో తలుపులేసుకునే పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని వింటుంది. కోపం వస్తే కాగితం మీద రాసి చింపెయ్యమని చెబుతుంది. చాలామందికి అది పనిచేస్తుంది కూడా. తను మాత్రం ఎప్పుడూ రాయలేదు, చింపటం ఇష్టం లేక.

రెండు నెలల కిందట ఫోన్లో ఒక రీలు వచ్చింది. తండ్రి పోయాక ఉషశ్రీ గొడ్లసావిడినీ చుట్టూ ఉన్న చేనునీ హోటలు చేసిందట. వీడియోలో రావమ్మగారు పేము కుర్చీలో కూర్చుని, ఒళ్ళో మనవరాలిని పెట్టుకుని అందరినీ భోజనానికి రమ్మని పిలుస్తున్నారు. హెలెన్ ఆవిడని చూడలేదు. ఒళ్ళో ఉన్న పిల్లని చూసింది. ఆరేళ్ళుంటాయి. ఎస్తేరు కంటే ఒక సైజు తక్కువ. ఆ రాత్రి ఆమెకి హాయిగా నిద్ర పట్టింది. అది మంచి లక్షణం కాదని ఆమె చదివిన చదువు చెబుతూనే ఉంది.

తల్లికి ఏమీ చెప్పలేదు. గోడ వెనక విన్న మాట కూడా ఎన్నడూ చెప్పలేదు. ఆ గౌన్ల సంగతి అమ్మకి తెలియదని ఆమె నమ్మకం. తెలిస్తే తన ఒంటికి ఎందుకు తొడుగుతుంది?

ఏసీ పెట్టిన పెద్ద హాలు పేరు 'గొడ్లసావిడి'. ఎద్దుల్ని కట్టిన గుంజలు అలాగే ఉంచి వాటికి దీపాలు తగిలించారు. గుమ్మం పక్కనే పేము కుర్చీలో రావమ్మగారు ఉన్నారు. జుట్టంతా తెల్లబడింది, మోకాళ్ళ మీద శాలువా. శౌరమ్మని చూడగానే గుర్తుపట్టారు.

"ఏమే శౌరీ, నువ్వా. బాగా చిక్కావే. మందులేమన్నా వాడుతున్నావా?"

శౌరమ్మ చేతులు కట్టుకుని, బాగున్నానండి అమ్మగారూ అంటూ నిలబడిపోయింది. ఇంక కూర్చోమని ఎవరో చెప్పేదాకా నిలబడే ఉండేది. హెలెన్ ఆమె భుజం పట్టుకుని నడిపించి, రావమ్మగారికి ఎదురుగా కనబడే బల్ల చూసి కూర్చోబెట్టింది. శౌరమ్మ కుర్చీ అంచున కూర్చుంది. చుట్టూ ఒకసారి చూసి, నల్లావు ఇక్కడే ఈనేదని మనవరాలికి చెప్పింది. మెనూ తెరిచి జాన్సన్ చదువుతుంటే మాత్రం ఆమెకి కొంచెం ఉత్సాహం వచ్చింది. నాటుకోడి పులుసు, బొమ్మిడాయిల పులుసు, రాగిసంకటి, చివర్లో 'కూలి చద్దన్నం, ముంతలో - నూట ఎనభై'. అందులో ఏం వేస్తారని అడిగింది. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ అన్నాడు జాన్సన్. ఇదే చేలో నాట్లు వేస్తే రోజుకి ముప్ఫై రూపాయలూ, పైన ఆ చద్దన్నమూ ఇచ్చేవాళ్ళని శౌరమ్మ అంది. "అప్పట్లో దాచుకోవాల్సింది, ఇప్పుడు అమ్ముకునేవాళ్ళం," అన్నాడు జాన్సన్. ఆమె నోటికి పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆకులు వేయటానికి వచ్చిన మనిషి కాసె పోసి చీర కట్టి, నడుముకి కొడవలి దోపుకుని ఉంది. అట్ట కొడవలి. చూస్తే తమ పల్లె అమలమ్మే.

"ఇదేం వేషమే అమలా?"

"వేషం కాదు పిన్నీ, యూనిఫారం." అమలమ్మ రావమ్మగారి వైపు ఓరగా చూసి గొంతు తగ్గించింది. ఊడ్పు మిషన్లు వచ్చాక చేలో పని లేదనీ, ఇక్కడ రోజుకి నాలుగొందల యాభై ఇస్తున్నారనీ చెప్పింది. "నిజం కొడవలి పట్టుకున్నప్పుడు ఎవడూ ఫోటో తియ్యలా. ఇప్పుడు రోజుకి పదిమంది తీస్తన్నారు."

ఉషశ్రీ తనంతట తానే బల్ల దగ్గరికి వచ్చింది. కాటన్ చీర, మెడలో తాడుకి వేలాడే ఫోను. ఒక్క క్షణం తేరిపార చూసి, నువ్వు హెలెన్ కదూ అని రెండు చేతులూ చుట్టూ వేసి కావలించుకుంది. హెలెన్ అహంకారానికి సిద్ధపడి వచ్చింది. చిన్నచూపు చూస్తే ఏం అనాలో కూడా అనుకుంది. దీనికి సిద్ధపడలేదు. బిగుసుకుపోయిన భుజాల మీద ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి. ఉషశ్రీ ఆగకుండా మాట్లాడింది. ఉద్యోగం విని సంతోషించింది, శౌరమ్మ కాళ్ళనొప్పుల గురించి అడిగింది, బిల్లులో ఇరవై శాతం తగ్గించమని కౌంటరుకి కేక వేసింది.

"నా గౌన్లు నాకంటే నీకే బాగుండేవి. గుర్తుందా? స్కూల్లో అందరూ మనల్ని అక్కచెల్లెళ్ళనేవాళ్ళు."

ఎవరూ అలా అనలేదు. కానీ ఆమె అబద్ధం చెప్పటం లేదని హెలెన్‌కి అర్థమైంది. ఉషశ్రీకి నిజంగానే ఏమీ తెలియదు. తెలియకపోవటం కూడా పొలంతో పాటు సంక్రమించిన ఆస్తే అనుకుంది. అలా అనుకున్నాక లోపల సడలబోయినది తిరిగి బిగుసుకుంది.

భోజనం సగంలో ఉండగా కేకు తెచ్చారు. ఇక్కడ పుట్టినరోజంటే డప్పు కొడతారు. దానికి వేరే ఆరొందలు. డప్పు మోగటంతో ఉషశ్రీ కూతురు మనోజ్ఞ పరిగెత్తుకొచ్చి ఎస్తేరు పక్కన నిలబడింది. రోజూ చూసే వేడుకే అయినా కేకు కోసం ప్రతిసారీ వస్తుందట. చుట్టుపక్కల బల్లల వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎస్తేరు కొవ్వొత్తి ఊదింది.

హెలెన్ లేచింది. సంచీలోంచి వంకాయరంగు గౌను తీసింది. గుమ్మం వైపు తిరిగి, రావమ్మగారి కళ్ళు తన మీద ఉన్నాయని చూసుకున్నాక, ఆ గౌనుని తన కూతురి తల చుట్టూ తిప్పింది. మెల్లగా, మూడుసార్లు. జాన్సన్ తల వంచుకున్నాడు. డప్పు మోతలో మిగతా ఎవరికీ అది ఏమీ అనిపించలేదు. ఫోన్లు పట్టుకున్నవాళ్ళు నవ్వుతూనే ఉన్నారు.

"ఇది నీకు," అని గౌనుని మనోజ్ఞ చేతుల్లోకి వదిలింది. పైనుంచి.

రిటర్న్ గిఫ్టా అని ఉషశ్రీ మురిసిపోయింది. ఆంటీకి థాంక్యూ చెప్పమంది. పిల్ల ఆగలేదు. వేసుకున్న బట్టల మీదే తల దూర్చి గౌను తొడుక్కుని, అంచు పట్టుకుని గిర్రున తిరిగింది. గౌను కుచ్చిళ్ళు గొడుగులా లేచాయి. అచ్చం తను తిరిగినట్టే తిరుగుతోందని హెలెన్ చూసింది. జాలి రావాల్సిన చోట ఏమీ లేదు. ఉందేమోనని వెతికింది కూడా.

రావమ్మగారు కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. మోకాళ్ళు సహకరించక బల్లలు ఆనుకుంటూ వచ్చారు. శాలువా దారిలో జారిపోయింది.

"ఆ గౌను తియ్యవే పిల్ల ఒంటి మీంచి."

"ఏమైందమ్మా?"

"తియ్యమన్నానా."

డప్పు ఆగింది. ఉషశ్రీ కదలకపోవటంతో ఆవిడే పిల్లని లాక్కుని గౌను పైకి గుంజారు. అది సగంలో చిక్కుకుంది. గుడ్డ లోపల తల ఇరుక్కున్న మనోజ్ఞ ఏడుపు మొదలుపెట్టింది.

"ఎందుకు తియ్యాలో చెప్పండి రావమ్మగారూ," అంది హెలెన్. అమ్మగారూ అనకపోవటం అదే మొదటిసారి. గొంతు కాలేజీలో పిల్లలతో మాట్లాడేటంత నెమ్మదిగా ఉంది. "మా పాపది. ఉతికి ఇస్త్రీ చేయించిందే."

"నీకు తెలీదా ఎందుకో?"

"నాకు తెలుసు. మీ అమ్మాయికి తెలీదు. చెప్పండి."

"దిగదుడిచిన గుడ్డ ఎవరన్నా పిల్లకి తొడుగుతారా?"

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ అది తన మీదికే వచ్చిందని రావమ్మగారికి తెలియలేదు. చేతిలోకి ఊడివచ్చిన గౌనుతో అలాగే నిలబడ్డారు. ఉషశ్రీ ఏడుస్తున్న కూతుర్ని ఎత్తుకుని తల్లినీ, హెలెన్‌నీ మార్చి మార్చి చూసింది. "మరి నా గౌన్లమ్మా..." అని మొదలుపెట్టి పూర్తిచేయలేదు. ముఖంలో రంగు తగ్గిపోయింది. ఆ ముఖాన్ని హెలెన్ ఇన్నేళ్ళుగా ఊహించుకుంటూ వచ్చింది. అయితే ఊహలో అది ఎప్పుడూ రావమ్మగారి ముఖమే. ఇప్పుడది కూతురి ముఖం మీదికి వచ్చింది. రావమ్మగారి ముఖంలో భయం తప్ప ఇంకేమీ లేదు, అది కూడా మనవరాలి కోసం.

పక్క బల్లల వాళ్ళు తినటం ఆపి చూస్తున్నారు. ఎవరో ఫోను ఇంకా పట్టుకునే ఉన్నారు. రావమ్మగారు చూపులు తిప్పి, ఈ గందరగోళంలో కుర్చీలోంచి లేవని ఒకే ఒక్క మనిషిని చూశారు. అలవాటైన దారి దొరికినట్టు ఆవిడ గొంతు కుదుటపడింది.

"శౌరీ, అది చిన్నపిల్ల, దానికి తెలీదు. నువ్వు పెద్దదానివి. ఇదుగో, నీది నువ్వు తీసుకో."

గౌను శౌరమ్మ ముందుకి చాచారు. ఎప్పటిలాగే కొంచెం పైనుంచి.

తల్లి ఎడమచెయ్యి ఒళ్ళోంచి లేవటం హెలెన్ చూసింది. పులుసు అంటిన కుడిచెయ్యి కూడా ఆకు మీంచి కదిలింది. రెండూ దగ్గరికి వస్తున్నాయి. వద్దమ్మా అని అరవాలనిపించింది. దోసిలి పూర్తి కాకముందే చేతులు ఆగాయి. శౌరమ్మ తన చేతుల వైపే ఒకసారి చూసుకుంది. కుడిచెయ్యి ఆకులోకి వెళ్ళి అన్నం దగ్గరికి తీసింది.

"నేను తీసుకోనండి."

"ఏంటే?"

"అదేంటో తెలిసే తీసుకున్నానండి ఇన్నేళ్ళూ." శౌరమ్మ తల ఎత్తలేదు. అన్నం కలుపుతూనే, రోజూ మాట్లాడే గొంతుతోనే అంది. "నా పిల్ల బడికి పోవాల. ఒంటి మీద గుడ్డ లేకపోతే పంతులు రానియ్యడు. జబ్బొస్తే రేపు చూసుకుందాం, ముందు గుడ్డ కావాల అనుకున్నా. టైపాయిడ్ వచ్చినప్పుడు రాత్రుళ్ళు దాని తల ఒళ్ళో పెట్టుకుని మిమ్మల్ని తిట్టుకున్నా, నన్నూ తిట్టుకున్నా. లేచింది కాబట్టి సరిపోయింది." ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగింది. "ఇప్పుడు నా మనవరాలికి బీరువా నిండా ఉన్నయ్యి. నాకు అక్కర్లేదండి. మీ దగ్గిరే ఉంచండి."

హెలెన్ కుర్చీ వెనక పట్టుకుంది. తెలుసు. అమ్మకి తెలుసు. తెలిసే ఏటా మెట్టు కింద నిలబడి దోసిలి పట్టింది, తెలిసే ఇంటికి తెచ్చి తన తలమీంచి తొడిగి, వెనక గుండీలు పెట్టింది. ఇన్నేళ్ళు భద్రంగా మోసుకొచ్చిన కోపానికి ఇప్పటిదాకా రావమ్మగారి గుమ్మం ఒక్కటే ఉండేది. తల్లి భుజం మీద చెయ్యి వేయాలనుకుంది. వేయలేదు. ఎందుకు వేయలేదో ఆమెకే తెలియలేదు.

రావమ్మగారికి గౌను ఎక్కడ పెట్టాలో తోచలేదు. బల్ల మీద పెడితే భోజనాల మధ్య. కింద పడేస్తే తన గడపలోనే. కూతురి వైపు చాచబోతే ఉషశ్రీ పిల్లతో సహా ఒక అడుగు వెనక్కి వేసింది. అంతలో పెరుగు గిన్నెతో వచ్చి పక్కన నిలబడిపోయిన అమలమ్మ కనబడింది.

"అమలా, నువ్వు పట్టుకెళ్ళు దీన్ని."

అమలమ్మ రావమ్మగారిని చూసింది, కౌంటరు వైపు చూసింది. రోజుకి నాలుగొందల యాభై. ఇంటి దగ్గర ఇద్దరు ఆడపిల్లలు. ఒక చేతిలో గిన్నె ఉంది, రెండో చేతిలో గరిటె.

"చేతులు ఖాళీ లేవండి అమ్మగారూ," అంది.

వంగి శౌరమ్మ ఆకులో పెరుగు వేసింది. ఇంకొంచెం వెయ్యమని శౌరమ్మ వేలితో చూపిస్తే ఇంకో గరిటె వేసింది. రావమ్మగారు ఆ బల్ల పక్కనే, చాచిన చెయ్యి దించకుండా, గుడ్డ చీర కుచ్చిళ్ళకి తగలకుండా దూరంగా పట్టుకుని నిలబడి ఉన్నారు.